కాపురం డ్యూటీ

మా సందు వెనక టవర్లు లేచి చాలా కాలమైంది. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. ఒక్కరూ దిగలేదు. అమ్ముడుపోయిన ఇల్లు ఖాళీగా ఎలా ఉంటుందని మొదట్లో మేమూ వెర్రి మొహాలేసుకుని అడిగేవాళ్లం. తరవాత అర్థమైంది. కొన్నవాళ్లు ఉండటానికి కొనలేదు, దాచుకోవడానికి కొన్నారు. ఒక ఫ్లాటు బ్యాంకులో తాకట్టు పెట్టి ఇంకోటి కొంటారు. దాన్ని చూపించి మరోటి. మనిషి దిగితే గచ్చు గీసుకుపోతుంది, గోడకి మేకులు పడతాయి, రేపు పొమ్మంటే కోర్టుకెక్కుతాడు. మనిషి లేకపోతే ఏ పేచీ లేదు, ధర దానంతటదే పెరుగుతుంది. అందుకే తలుపుల మీద ప్లాస్టిక్ కాగితం కూడా పీకకుండా వదిలేశారు. ఆ టవర్ల నీడలో, రేకుల కింద, మేం.

ఇళ్లు లేవని మమ్మల్ని నమ్మించాలని చూశారు. ఉన్నాయి, కిటికీలోంచి కనపడుతున్నాయి, అన్నాం. సందు కమిటీ పెట్టుకుని నగరసభ ముందు కూర్చున్నాం, లాఠీలు తిన్నాం, మళ్లీ కూర్చున్నాం. చివరికి చట్టం వచ్చింది. ఏడాది దాటి ఖాళీగా పడున్న ఇంటిని నగరసభ తీసుకుని, ఇల్లు లేనివాళ్లకి చవక అద్దెకి ఇవ్వాలి. ఆ రోజు మా గొంతులు పోయాయి అరిచి అరిచి. అరుపుల్లో ఎవరూ చట్టం చివర ఉన్న ముక్క చదవలేదు. లైటూ నీళ్లూ వాడకంలో ఉన్న ఇల్లు, అడిగితే తలుపు తీసి జవాబు చెప్పే మనిషి ఉన్న ఇల్లు, ఖాళీ ఇల్లు కాదు. ఆ ముక్క పెట్టించిన సభ్యులకి ఆ టవర్లలోనే ఫ్లాట్లున్నాయి. కన్నం ఎక్కడ పెట్టుకోవాలో ఇల్లు కట్టినవాడికి తెలియదా?

చట్టం వచ్చిన వారానికే టవర్ల కంపెనీవాళ్లు మా సందులోకి మనుషుల కోసం వచ్చారు. ఆడవాళ్లు కావాలి, శుభ్రంగా ఉండాలి, సాయంత్రాలు పని. అలా చేరింది మా ఇస్త్రీ వదిన.

వదినకి సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉండేది. టవర్లు లేస్తుంటే సంబరపడింది, వందల ఇళ్ల బట్టలు వస్తాయని కొత్త పెట్టె కూడా కొంది. "ఇన్ని కిటికీలు, ఒక్క చొక్కా లేదు" అని తరవాత తనే నవ్వేది. బండి మూలపడింది. మొగుడు నీళ్ల ట్యాంకరు తోలతాడు, మాకందరికీ ట్యాంకరన్న. పిల్ల బడికెళ్తుంది. అత్తగారికి కాళ్లు చచ్చుబడి ఎన్నో ఏళ్లు, నోరు మాత్రం ఎక్కడా ఆగదు. మేం పెద్దమ్మ అంటాం. వానొస్తే వాళ్ల గదిలోకి నీళ్లొస్తాయి, పెద్దమ్మని కుర్చీతో సహా బల్ల మీదకి ఎత్తుతారు. నేల మీద పొడిగా ఉండే గది ఒకటి కావాలి, మెట్లు లేనిది. నగరసభలో పేరు రాయించి, పిల్ల పుట్టక ముందు నించీ ఎదురుచూస్తున్నారు. వదినకి ఇంకో కోరికంటూ లేదు.

పని ఏమిటంటే కాపురం చెయ్యడం. నిజమే చెప్తున్నాను. కంపెనీ దానికి ఏదో మర్యాదైన పేరు పెట్టింది. మా సందు ఆడవాళ్లు కాపురం డ్యూటీ అన్నారు, అదే నిలిచింది. ఒక్కొక్కరికి కొన్ని ఫ్లాట్లు. సాయంత్రం వెళ్లి లైట్లు వెయ్యాలి, అన్నీ ఒకేసారి వేస్తే అనుమానం కాబట్టి ఆగి ఆగి. కుక్కరు పెట్టి విజిల్ రానివ్వాలి. ఉల్లిపాయలు వేయించి తలుపు కాస్త తెరిచి వాసన వరండాలోకి వదలాలి. గుమ్మం ముందు చెప్పులు విడవాలి, రోజూ ఒకే చోట కాకుండా. కుళాయిలు తిప్పి మీటరు కదిలేదాకా నీళ్లు పారించాలి.

ఆ నీళ్ల దగ్గరే వదినకి కడుపు మండేది. కింద సందులో మొగుడు ట్యాంకరు ఆపితే బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటున్నారు. పైన తను టబ్బు నింపి, మూత లాగి, గుడగుడమని పోతుంటే నిలబడి చూడాలి. ఒక క్యానులో పట్టి తెచ్చుకుంటానని మేనేజర్ని అడిగింది. అతను ఎప్పుడూ నవ్వే మనిషి, చావు కబురైనా నవ్వుతూనే చెప్తాడు. క్యాన్లు పట్టుకుని దిగితే కెమెరాలో పనిమనిషిలా కనపడతావు, ఇక్కడ నువ్వు పనిమనిషివి కాదు కదా, అన్నాడట.

చెత్త కూడా ఉండాలి. ఏ గుమ్మం ముందు చెత్త సంచి లేకపోతే ఆ ఇంట్లో మనిషి లేనట్టే. కంపెనీ చెత్త ఇవ్వదుగా. మా సందులోంచే తొక్కలూ గుడ్డుపెంకులూ సంచుల్లో కట్టి పైకి మోసుకెళ్లేవాళ్లు.

"జీతమిచ్చి కాపురం చేయించుకునే మొగుళ్లని ఇప్పుడే చూస్తున్నానే" అని పెద్దమ్మ పడీ పడీ నవ్వేది. "మన చెత్తకీ రోజులొచ్చాయి. లిఫ్టెక్కుతోంది. నన్నే ఎవరూ ఎక్కించరు."

ఇక్కడే వదిన తప్పు చేసింది. మోసం చేసి కాదు, పని బాగా చేసి. బాల్కనీలో ఆరెయ్యమని కంపెనీ కొత్త బట్టలిచ్చింది. అట్టముక్కల్లా బిగుసుకుని వేలాడుతుంటే ఆమెకి సహించలేదు. జన్మంతా పరాయివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసిన చేతులవి. మోచెయ్యి దగ్గర పల్చబడిన చొక్కా, మోకాలు దగ్గర ఉబ్బిన లాగు, పిల్ల ఎదుగుతోందని అంచు విప్పి దించిన గౌను. మనుషులు ఉతికి కట్టుకునేవంటే అవీ. తన ఇంటి బట్టలు తీసుకెళ్లి ఆరేసింది. తొమ్మిదో అంతస్తులో ఆమెకి బాగా ఇష్టమైన ఫ్లాటు ఒకటుంది, తూర్పు వెలుతురుది. దాంట్లో అన్నీ తనవే పెట్టింది. పెద్దమ్మ పాత చెప్పులు, పిల్ల గీసిన బొమ్మలు, మొగుడి చిరిగిన తువ్వాలు. మేనేజర్ చూసి మురిసిపోయాడు. మిగతా ఆడవాళ్లందరినీ పిలిచి చూపించాడు, కాపురమంటే ఇలా ఉండాలి అని. ఆ మర్నాటి నించి అందరూ సొంత బట్టలే మోశారు. ఫోటోగ్రాఫర్ని మా సందుకి పంపి వదిన కుటుంబాన్ని ఫోటో తీయించి, పెద్దది చేయించి, ఆ ఫ్లాటు హాల్లో తగిలించాడు.

ఆ ఫోటో హాల్లో తగిలించారని వదిన వచ్చి చెప్పింది. పెద్దమ్మ మెల్లగా అంది: "బతికుండగానే నన్ను గోడెక్కించారన్నమాట."

ఖాళీ ఇళ్లు లెక్కపెట్టే నగరసభ సర్వేవాళ్లు ఏ రోజు వస్తారో ముందే చెప్పరని మాకు చెప్పారు. కంపెనీకి ముందే తెలుసు. మేనేజర్ అందరినీ పోగేసి, మేమే ఉంటున్నామని చెప్పండి, కల్పించిన పేర్లు చెప్తే రెండోసారి అడిగినప్పుడు తడబడతారు, మీ ఇంట్లోవాళ్ల పేర్లే చెప్పెయ్యండి, లెక్క కోసమేగా, ఎవడు చూడొచ్చాడు, అన్నాడు. కాగితమ్మీద ఒక్క ముక్క రాసివ్వలేదు. అన్నీ నోటిమాటలే. ఒక్కో ఆడమనిషికి ఒక్కో ఫ్లాటు కేటాయించాడు. మిగతావాటికి వేరే సందుల నించి మనుషుల్ని తెచ్చాడు. కమిటీ మనిషిగా నేను విని వద్దన్నాను. పేరు ఇవ్వడమంటే వేలు ఇచ్చినట్టే అన్నాను. నువ్వు పని ఇప్పిస్తావా మరి, అని అడిగారు. నా దగ్గర పని లేదు.

సర్వే మేడమ్ చిన్న వయసు మనిషి, బూట్లు విప్పి మరీ లోపలికి వచ్చిందట. గదులు చూసింది, పొయ్యి మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందని చూసింది, బాల్కనీలోకి వెళ్లి పిల్ల గౌను అంచు పట్టుకుని చూసింది. గోడ మీద ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"ఆవిడ మీ అత్తగారా?"

"అవునండి."

"ఎక్కడున్నారిప్పుడు?"

వదిన చూపు కిటికీ వైపు వెళ్లింది. కిందే, రేకుల గదిలో, బల్ల పక్కన కుర్చీలో కూర్చునుంది పెద్దమ్మ. కిటికీలోంచి తొంగి చూస్తే ఆ రేకు కనపడుతుంది.

"చుట్టాలింటికి వెళ్లారు" అంది.

"మీకు ఈ ఇల్లు బాగుందా?"

అలాంటి ప్రశ్న ఎవరూ నేర్పలేదు. వదిన ఆ హాలు వంక, ఆ వెలుతురు వంక చూసింది. బాగుందండి, చాలా బాగుంది, అంది. అబద్ధాల మధ్య ఆ ఒక్కటే నిజం. మేడమ్ వదిన వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయింది. మాలాంటివాళ్లు ఆ ఇంట్లో ఉంటున్నారంటే ఎవరు నమ్ముతారులే అని వదిన ధైర్యం. నమ్మారు. అదే కొంప ముంచింది.

కొన్నాళ్లకి నగరసభ ప్రకటించింది, నగరంలో లెక్కలోకి వచ్చే ఖాళీ ఇళ్లు లేవని. మా చట్టానికి పట్టుకోవడానికి ఒక్క తలుపు దొరకలేదు. ఆ వెంటనే రెండో మాట. ఖాళీ ఇళ్లు లేవు కాబట్టి ఇళ్ల కొరత తీవ్రంగా ఉంది. కొరత ఉంది కాబట్టి కొత్త టవర్లు కట్టాలి. కట్టడానికి స్థలం కావాలి. స్థలం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. మా సందుకి ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లారు, గోడ గోడకీ. ఎవరి నీళ్లు పారించి, ఎవరి చొక్కాలు ఆరేసి, ఎవరి చెత్త మోసి ఆ ఇళ్లు నిండాయో చూడండి. మా చేతులతోనే మా సందు పీకిస్తున్నారు. కొత్త టవర్లు కట్టేదీ ఆ కంపెనీయే, వాటిలోకీ మనుషులు దిగరు, వాటిలోనూ లైట్లు వెయ్యడానికి ఎవరినో పిలుస్తారు.

సందు ఖాళీ చేసేవాళ్లకి ఊరవతల గదులిస్తామన్నారు. కింది అంతస్తు గదులు ముసలివాళ్లున్న ఇళ్లకి. పెద్దమ్మ ఆ మాట విని మొదటిసారి తన మూట తనే సర్దుకుంది. వదిన, ట్యాంకరన్న, నేను కలిసి ఇళ్ల ఆఫీసుకెళ్లాం.

గుమాస్తా చెడ్డవాడేం కాదు. మాకు కుర్చీలు చూపించాడు. కంప్యూటరు తిప్పి చూసి, నొచ్చుకుంటున్నట్టు తలాడించాడు.

"మీకు ఇల్లుంది కదమ్మా. బి టవరు, తొమ్మిదో అంతస్తు."

"అది నా ఇల్లు కాదు సార్. అక్కడ నేను పని చేస్తాను."

"పనిచేసేవాళ్ల బట్టలు బాల్కనీలో ఆరతాయా? పనిచేసేవాళ్ల అత్తగారు గోడ మీద ఉంటారా? మేడమ్ అన్నీ రాసింది, ఫోటోలు కూడా పెట్టింది. ఇంత నిజంగా ఉన్న ఇల్లు సర్వే మొత్తంలో లేదని రాసింది."

ట్యాంకరన్న లేచి నిలబడ్డాడు. మేం ఎక్కడుంటామో వచ్చి చూడు అన్నాడు. గుమాస్తా గొంతు తగ్గించాడు.

"కూర్చో బాబూ. నా మాట విను. అబద్ధం చెప్పానని రాసిస్తే మీ ఆవిడ మీద కేసు, సర్వేని మోసం చేసినందుకు. గది అప్పటికీ రాదు. నిజమే చెప్పానంటే కేసు లేదు, గదీ లేదు. ఇంకో దారి నాకు కనపడటం లేదు. మీరొక్కరే కాదు, మీ సందులో ఆడవాళ్లు చాలామంది ఇలాగే ఉన్నారు. ఎవరెవరో చెప్పమంటారా?"

వద్దంది వదిన. పేర్లు అక్కర్లేదు. సాయంత్రాలు తనతో లిఫ్టెక్కినవాళ్లే.

సర్వే మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువుందని గుమాస్తా చెప్పాడు. ఆ గడువు ముగిసేదాకా కంపెనీ మాత్రం జాగ్రత్తగా ఉంటుందని, ఏ ఫ్లాటు ఖాళీ అని తేలినా చట్టం కిందకి వస్తుందని, ఎవరితోనో అన్నట్టు గోడ వంక చూస్తూ అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం వదిన మేనేజర్ దగ్గరికెళ్లి ఏడ్చింది. అతను నవ్వాడు. మీ పేర్లు చెప్పమని కంపెనీ ఎప్పుడు చెప్పింది, మీరే ఉత్సాహపడ్డారు, అన్నాడు. పైగా ఇక డ్యూటీ లేదని, శనివారానికల్లా తాళాలు ఇచ్చెయ్యమని, వచ్చే ఏడు సర్వేకి వేరే పేటవాళ్లని పెట్టుకుంటామని చెప్పాడు. మీ సందు అప్పటికి ఉండదు కదా, అని కూడా అన్నాడు. మామూలుగా, వాతావరణం గురించి చెప్తున్నట్టు.

ఇంటికొచ్చి అంతా చెప్తే పెద్దమ్మ వింది. మేం కమిటీలో ఏం చెయ్యాలో గంటలకొద్దీ తన్నుకుంటుంటే ఆవిడ రెండు మాటల్లో తేల్చేసింది.

"మేం అక్కడ ఉంటున్నామని రాసుకున్నారుగా. ఉందాం పదండి."

ట్యాంకరన్న ఒప్పుకోలేదు. జైల్లో పెడతారమ్మా అన్నాడు. ఎలా పెడతారురా, అంది ముసలమ్మ. వీళ్లెవరో దూరారని కంపెనీ పోలీసులకి చెప్తే, మరి అప్పటిదాకా ఇంట్లో ఎవరున్నారని అడగరా? గడువు అయ్యేదాకా ఆ మేనేజరు నన్ను ఆ ఇంటి అత్తగారనే అనాలి. చచ్చినట్టు అనాలి. ఆ కాస్త రోజుల్లో అందరూ చూస్తారు, అందరికీ తెలుస్తుంది. ఏమైనా ఆ ఫోటో దించి నా చేత్తో నేను చూసుకోవాలి.

శుక్రవారం పొద్దున్నే పిల్లతో సహా నలుగురూ వెళ్లారు. పెద్దమ్మని కుర్చీతో మోశాం, గేటు దాకా నేనూ ఓ చెయ్యేశాను. సెక్యూరిటీవాడికి వీళ్లని ఇంటివాళ్లలా చూడమని ఆర్డరు, అది ఇంకా ఎవరూ మార్చలేదు. లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. పెద్దమ్మ తిరిగి సెల్యూట్ కొట్టింది. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే ఆవిడ మొహంలో భయం చూశాను. ఆ మొహంలో అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ రోజు ఏమీ జరగలేదు. మేనేజర్ పైకి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, నవ్వి, వెళ్లిపోయాడట. అరవలేదు, బెదిరించలేదు. ఏమైనా కావాలా అని కూడా అడిగాడట. వదిన ఫోనులో ఆ మాట రెండుసార్లు చెప్పింది.

మర్నాడు నీళ్లు ఆగాయి. పైపు మరమ్మతు అన్నారు. ట్యాంకరన్న క్యాన్లు మోశాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఆ ఒక్క ఫ్లాటుకే. సాయంత్రానికి లిఫ్టు ఆగింది, మరమ్మతు అని అట్టముక్క తగిలించారు. ఇక పెద్దమ్మని కిందకి దించే దారి లేదు. కుర్చీతో అన్ని మెట్లు దింపడం ఇద్దరి వల్ల కాదు. వెళ్లిపొమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే ఆ ముసలి మనిషిని తొమ్మిదో అంతస్తులో బంధించారు.

సోమవారం పొద్దున్న మా సందు మొదట్లోకి బుల్‌డోజరు వచ్చి ఆగింది. అందరం దాని ముందు నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే వదిన ఫోను చేసింది.

"వడ్రంగులొచ్చారు. తలుపు బాగు చేస్తారట. బందులు ఊడదీస్తున్నారు. ఆయన లోపలి నించి వీపు ఆనించి నిలబడ్డాడు. అత్తయ్య కుర్చీని గుమ్మానికి అడ్డంగా పెట్టమంటోంది."

"మేనేజర్ ఉన్నాడా?"

"ఉన్నాడు. తలుపు లేని ఇల్లు ఇల్లు కింద లెక్కకి రాదట, సర్వేలో కొట్టేస్తారట. ఖాళీ ఇల్లూ కాదు, మనుషులున్న ఇల్లూ కాదు. నవ్వుతూ చెప్తున్నాడు." పిల్లని లోపలి గదిలోకి పొమ్మంది. "మీరొస్తారా?"

వెనక డ్రిల్లు చప్పుడు వినపడుతోంది.

ఏం చెయ్యాలి? ఇక్కడ నించి కదిలితే సందు పోతుంది. కదలకపోతే వాళ్లు పోతారు. ఆలోచించుకునే తీరిక ఇవ్వకపోవడం వాళ్ల ఎత్తు, రెండూ ఒకే పొద్దున పెట్టుకున్నారు. నేను నోరు తెరిచేలోపే సిమెంటు పిన్ని బుల్‌డోజరు ముందు నించి కదిలింది. ఆవిడ సిమెంటు కలిపే కూలిపని చేసి, తరవాత కాపురం డ్యూటీలో చేరిన మనిషి. డి టవరు, ఆరో అంతస్తు ఆవిడ పేరు మీద ఉంది. కొంగులో తాళం తీసి నాకు చూపించింది. ఇచ్చెయ్యలేదా అన్నాను. నువ్వు ఇచ్చేవాడివా, అంది. ఇంకొంతమంది తాళాలు తీశారు. శనివారం గడిచిపోయింది, ఒక్కతీ ఇవ్వలేదు. నాకెవరూ చెప్పలేదు.

సగం మందిని సందు దగ్గర వదిలి టవర్ల గేటుకెళ్లాం. గేటు దగ్గర ఈసారి కొత్త సెక్యూరిటీవాళ్లు, కర్రలతో. ఏ ఫ్లాటు అని అడిగారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే చెప్పారు, టవరు, అంతస్తు, తడబాటు లేకుండా, నేర్పినట్టే. నా వంతు వచ్చింది. నా పేరు ఏ ఫ్లాటులోనూ లేదు.

"మా మరిది" అంది సిమెంటు పిన్ని, నా చెయ్యి పట్టుకుని. "చుట్టపుచూపుగా వచ్చాడు."

వాళ్లలో వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు ఫోనులో ఎవరినో అడిగాడు, చాలాసేపు విన్నాడు, సరే సార్ అన్నాడు. గేటు తీశాడు. అడ్డుకుంటారనుకున్నాం, అంత తేలిగ్గా తెరుచుకుంటే ఒకరి వెనక ఒకరం ఆగి ఆగి నడిచాం. అందరం లోపలికి వచ్చాక వెనక గొలుసు వేసిన చప్పుడు వినపడింది.

బి టవరు లిఫ్టు ఇంకా ఆగే ఉంది. మెట్లెక్కడం మొదలుపెట్టాం. మెట్ల మీద కిటికీలు లేవు, ఫోన్లకి సిగ్నల్ లేదు. పైన డ్రిల్లు తిరుగుతూనే ఉంది, ఎక్కేకొద్దీ దగ్గరవుతోంది. సగం పైకి వచ్చాక అది ఆగిపోయింది. పిన్ని మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి చెవి ఒగ్గింది. వదినని పేరు పెట్టి పిలిచింది. పై నించి ఎవరూ పలకలేదు.

ఎక్కుతూనే ఉన్నాం.